‘షి డిడ్ నాట్ వెంట్’ అని ఎందుకు అనకూడదు? పిల్లకు ఎలా వివరించాలి?

కృష్ణాతీరం (ప్రశ్న):

నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదువుకున్నవాణ్ణి. మా అమ్మాయి ప్రస్తుతం ఇంగ్లీషు మాధ్యమంలో ఏడో తరగతి చదువుతోంది. మొన్న హోంవర్కులో ‘షి డిడ్ నాట్ వెంట్ టు స్కూల్’ అని రాస్తే, ‘డిడ్’ తర్వాత ఎప్పుడూ వీ వన్ (క్రియ మొదటి రూపం) రావాలి కాబట్టి ‘గో’ అని రాయమన్నాను. వెంటనే, ‘నిన్న జరిగినదానికి వెంట్ అనే రాయాలని మీరే చెప్పారు కదా నాన్నా, ఇది కూడా నిన్నటి సంగతే కదా, మరి గో ఎందుకు వచ్చింది?’ అని అడిగింది. నియమం అంతే అని చెప్పడం తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు. మాకు బడిలో వీ వన్, వీ టూ, వీ త్రీ పట్టికను వల్లె వేయించారు గానీ, ఏది ఎందుకు వస్తుందో ఎవరూ చెప్పలేదు.

ఆ నోటుపుస్తకంలోనే ‘హి డజ్ నాట్ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్’, ‘మై సిస్టర్ డాక్టర్’, ‘టుడే ఈజ్ రెయినింగ్’ అనే వాక్యాలు కూడా కనిపించాయి. సెలవు చీటీలోనేమో ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, సో ఐ కెనాట్ కమ్ టు స్కూల్’ అని ఉంది. వ్యాకరణ పుస్తకంలో వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కో అధ్యాయం ఉంది. అన్నిటికీ మూలంలో ఉన్న సంగతి ఒకటో రెండో ఉంటే, దాన్ని తెలుగు వ్యాకరణ పరిభాషలో ఎవరైనా వివరించగలరా? మా అమ్మాయికి బడిలో తెలుగు కూడా ఉంది కాబట్టి ఆ మాటలు ఆమెకు అర్థమవుతాయి.

తెలుగు పంతులు:

మీకు కావలసిన పరిభాష తెలుగు వాచకంలోనే ఉంది. సమాపక క్రియ, అసమాపక క్రియ అని మనం బడిలో చదువుకున్న విభజన ఇంగ్లీషు వాక్యానికి కూడా చక్కగా సరిపోతుంది. నన్నడిగితే ఆ వీ వన్, వీ టూ పట్టికకంటే ఇదే ఎక్కువ ఉపయోగం. ‘రాము బజారుకు వెళ్ళి, కూరగాయలు కొని, ఇంటికి వచ్చాడు’ అనే వాక్యంలో పనులు మూడు ఉన్నా, వాక్యాన్ని ముగించే సమాపక క్రియ ‘వచ్చాడు’ ఒక్కటే. ఆ పని ఎప్పుడు జరిగిందో, ఎవరు చేశారో చెప్పే బాధ్యత కూడా దానిదే. ‘వెళ్ళి వచ్చాడు’ అన్నా, ‘వెళ్ళి వస్తాను’ అన్నా ‘వెళ్ళి’ అనే అసమాపక రూపం మారదు.

ఇంగ్లీషులోనూ ఒక సామాన్య వాక్యానికి కాలాన్ని మోసే క్రియ ఒక్కటే ఉంటుంది. అయితే తెలుగులో ఆ బాధ్యత చివర వచ్చే క్రియది, ఇంగ్లీషులో క్రియలు రెండు మూడు వరుసగా వచ్చినప్పుడు మొదట నిలిచినదానిది. ‘హి హ్యాజ్ బీన్ వర్కింగ్’ అనే వాక్యాన్ని గతంలోకి మార్చవలసి వస్తే ‘హ్యాజ్’ స్థానంలో ‘హ్యాడ్’ పెడతాం గానీ, ‘బీన్’నూ ‘వర్కింగ్’నూ ముట్టుకోము. ‘షి ఈజ్ సింగింగ్’, ‘షి వాజ్ సింగింగ్’ అనేవాటిలోనూ మారింది మొదటి మాటే. మీ అమ్మాయి చేత ముందు ఈ వాక్యాలలో కాలాన్ని మోస్తున్న మాట కింద గీత గీయించండి. గీత ఒక్కటే పడాలి.

ఇక ‘వెంట్’ సంగతి. ఆ మాటలో ‘గో’ అనే ధాతువు (క్రియ మూలరూపం), భూతకాలం అనే గుర్తు, రెండూ కలిసిపోయి ఉన్నాయి. వ్యతిరేకార్థం చెప్పవలసి వచ్చినప్పుడు, నేటి ఇంగ్లీషులో ‘నాట్’ అనే మాట మామూలు క్రియకు నేరుగా అతకదు. దానికి ముందు ఒక సహాయక క్రియ ఉండాలి. ‘ఈజ్’, ‘హ్యాజ్’, ‘కెన్’, ‘విల్’ వంటివి అప్పటికే వాక్యంలో ఉంటే పని జరిగిపోతుంది: ‘షి ఈజ్ నాట్ సింగింగ్’, ‘షి కెనాట్ సింగ్’. ‘షి వెంట్’లో అలాంటిదేమీ లేదు కాబట్టి, సొంత అర్థం లేని ‘డూ’ను తెచ్చి నిలబెడతారు. వచ్చిన ‘డూ’ మొదటి స్థానంలో ఉంది కనుక భూతకాలపు గుర్తు దానికి చేరి ‘డిడ్’ అవుతుంది, గుర్తు పోగా ‘వెంట్’లో మిగిలింది ‘గో’. అంటే నిన్న జరిగిందనే సంగతి ఎక్కడికీ పోలేదు, ‘డిడ్’లో ఉంది. ‘డిడ్ నాట్ వెంట్’ అంటే దాన్ని రెండుసార్లు చెప్పినట్టవుతుంది.

‘డజ్ నాట్ వర్క్స్’ కూడా అచ్చంగా ఇదే పొరపాటు. ‘వర్క్స్’ చివరనున్న ‘స్’ ప్రథమ పురుష (ఇంగ్లీషులో థర్డ్ పర్సన్) ఏకవచనానికి గుర్తు. ఆ గుర్తు ‘డూ’కు చేరి ‘డజ్’ అయిన తర్వాత ‘వర్క్’ దగ్గర మిగిలేది ఉత్త ధాతువే. ఇక్కడ వీ వన్ అనే మాట పిల్లలను తికమక పెడుతుంది, ఎందుకంటే ‘ఐ వర్క్’లోనిదీ వీ వన్నే, ‘డజ్ నాట్ వర్క్’లోనిదీ వీ వన్నే. మొదటిది సమాపక క్రియ, రెండవది కాదు.

తెలుగులో కూడా మనం ఇలాంటి పనే చేస్తున్నాం. ‘ఆమె వెళ్ళింది’ అనే వాక్యానికి వ్యతిరేకార్థం చెప్పమంటే ‘వెళ్ళింది లేదు’ అని మామూలుగా ఎవరూ అనరు. ‘వెళ్ళింది’లో ఉన్న కాలమూ లింగమూ తొలగించి, ‘వెళ్ళ’ అని ధాతువు దగ్గరికి తెచ్చి, దానికి ‘లేదు’ చేరుస్తాం. నేను వెళ్ళలేదు, నువ్వు వెళ్ళలేదు, ఆమె వెళ్ళలేదు అని అందరికీ ఆ రూపమే. ‘డిడ్ నాట్ వెంట్’ అన్నప్పుడు ఇంగ్లీషువాళ్ళకు ఎలా వినిపిస్తుందో మీ అమ్మాయి అడిగితే ‘ఆమె వెళ్ళింది లేదు’ అని చెప్పి చూడండి.

‘మై సిస్టర్ డాక్టర్’ వేరే దారిలో వచ్చిన తప్పు. ‘మా అక్క డాక్టరు’ అనేది తెలుగులో నిండు వాక్యం. దీన్ని క్రియారహిత వాక్యం అంటాం. ఇంగ్లీషులో క్రియారహిత వాక్యాలు లేవని, కాలాన్ని మోసే క్రియ ఒకటి ఉండి తీరాలని చెబితే చాలు. చెప్పడానికి వేరే క్రియ లేనప్పుడు ఆ చోటును ‘ఈజ్’, ‘ఆర్’, ‘యామ్’ నింపుతాయి. ‘డాక్టర్’ ముందు ‘ఎ’ ఎందుకు వస్తుందనేది ఆర్టికల్స్‌కు సంబంధించిన వేరే చర్చ.

డల్లాస్ తెలుగువాడు:

పంతులు గారి వివరణతో ఏకీభవిస్తూనే, ‘వెళ్ళలేదు’ పోలిక విషయంలో ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చురుకైన పిల్ల అయితే దీన్ని కూడా పట్టుకుంటుంది. తెలుగులో ‘వెళ్ళలేదు’ అంటే గతం, ‘వెళ్ళడం లేదు’ అంటే వర్తమానం. రెండింటిలోనూ ‘లేదు’ మారలేదు. ఏ కాలమో చెబుతున్నది ముందున్న క్రియ రూపమే. ఇంగ్లీషులో ‘డిడ్ నాట్ గో’, ‘డజ్ నాట్ గో’ అన్నప్పుడు ‘గో’ మారదు, కాలం తేడా అంతా సహాయక క్రియలో ఉంటుంది. కాబట్టి ప్రధాన క్రియ తన అసలు రూపాన్ని వదులుకుంటుందన్నంత వరకే పోలిక కుదురుతుంది. కాలం ఎవరి దగ్గర ఉందన్న విషయంలో రెండు భాషలూ తలకిందులుగా ఉన్నాయి. పిల్లకు ఈ తేడా కూడా చెప్పేస్తేనే మంచిది.

ఇంకో సంగతి. ఈ ‘డూ’ ఇంగ్లీషులో మొదటి నుంచీ ఉన్న నియమం కాదు. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలులో, నీ తమ్ముడెక్కడ అని దేవుడు అడిగితే కయీను ఇచ్చే జవాబు ‘ఐ నో నాట్’ అని ఉంటుంది. నేటి ఇంగ్లీషులో అది ‘ఐ డూ నాట్ నో’. అప్పట్లో మామూలు క్రియ తర్వాత ‘నాట్’ నేరుగా వచ్చేది. ‘డూ’ వాడకం అప్పటికే వ్యాపిస్తున్నా అది తప్పనిసరి అయింది ఆ తర్వాతనే. పరీక్షకు పనికొచ్చే విషయం కాదు గానీ, నియమం ఆకాశం నుంచి ఊడిపడలేదని తెలిస్తే పిల్లలకు దానిమీద కోపం కొంత తగ్గుతుంది.

పాలమూరు బిడ్డ:

క్రియ గురించి ఇద్దరూ చెప్పారు కాబట్టి నేను కర్త దగ్గరికి వస్తాను, ‘టుడే ఈజ్ రెయినింగ్’ తప్పు అక్కడిదే కనుక.

తెలుగు క్రియాపదం చివరనే కర్త దాగి ఉంటాడు. ‘నిన్న వచ్చాను’ అంటే వచ్చింది నేనే, ‘వచ్చావు’ అంటే నువ్వే. అందుకే ‘నేను’ అని వేరుగా అనకపోయినా వాక్యానికి లోటు రాదు, పైగా ప్రతి వాక్యంలో నేను నేను అంటే వినేవాళ్ళకు ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంగ్లీషులో ‘కేమ్’ అనే రూపం ఐ, యు, హి, షి, దే అందరికీ ఒకటే. పూర్వం ఆ భాషలోనూ పురుషను బట్టి మారే ప్రత్యయాలు చాలా ఉండేవి. క్రమంగా అవి ఊడిపోగా, మామూలు క్రియలకు వర్తమానంలో ‘హి’, ‘షి’, ‘ఇట్’లతో వచ్చే ఆ ఒక్క ‘స్’ మిగిలింది. క్రియను చూసి కర్త ఎవరో చెప్పలేం కాబట్టి కర్తను పైకి చెప్పి తీరాలి. ‘రా’, ‘కూర్చో’ వంటి ఆజ్ఞలలో మాత్రం ఎదుటనున్నది ఎవరో తెలుసు గనుక ‘కమ్’, ‘సిట్’ అంటే సరిపోతుంది.

ఈ నిర్బంధం ఎంత దూరం వెళ్ళిందంటే, కర్త అని చూపించడానికి ఏమీ లేని చోట కూడా ఇంగ్లీషు ఒక ఉత్తుత్తి కర్తను నిలబెడుతుంది. చీకటి పడుతోందని మనం అంటాం, వాళ్ళు ‘ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్’ అంటారు. అయిదయింది అంటే ‘ఇట్ ఈజ్ ఫైవ్’. అలాగే ‘ఇట్ ఈజ్ రెయినింగ్ టుడే’ అనాలి. ఆ ‘ఇట్’ ఏమిటని పిల్ల అడిగితే, అదేమీ కాదు, ఖాళీగా ఉంచకూడని కుర్చీలో కూర్చున్నదని చెప్పండి. ‘మా ఊళ్ళో రెండు బడులు ఉన్నాయి’ అనేదానికి ‘దేర్ ఆర్ టూ స్కూల్స్ ఇన్ అవర్ విలేజ్’ అన్నప్పుడు ‘దేర్’ చేసే పని కూడా దాదాపు ఇదే, కాకపోతే ‘ఆర్’ అనే బహువచనం మాత్రం వెనక వచ్చే ‘స్కూల్స్’ను బట్టి వస్తుంది. ‘టుడే ఈజ్ రెయినింగ్’లో పిల్ల ‘టుడే’ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ‘టుడే ఈజ్ మండే’లో అది అక్కడ బాగానే ఉంటుంది, ఎందుకంటే సోమవారం అయినది ఈరోజే, వాన కురిసేది మాత్రం ఈరోజు కాదు.

మనవాళ్ళకు ఇంకా కష్టమైనది ‘నాకు’తో మొదలయ్యే వాక్యాల గుంపు. నాకు ఆకలిగా ఉంది, నాకు జ్వరం వచ్చింది, నాకు ఇద్దరు అక్కలు, నాకు ఈ పాట ఇష్టం, నాకు తెలుసు: తెలుగులో ఇవన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. ఇంగ్లీషులో ఈ ‘నాకు’ అన్నిచోట్లా ‘ఐ’ అయిపోయి కర్త స్థానంలో కూర్చుంటుంది, కానీ క్రియ మాత్రం ఒక్కో దగ్గర ఒక్కోలా వస్తుంది: ‘ఐ యామ్ హంగ్రీ’, ‘ఐ హ్యావ్ ఎ ఫీవర్’, ‘ఐ హ్యావ్ టూ సిస్టర్స్’, ‘ఐ లైక్ దిస్ సాంగ్’, ‘ఐ నో’. దీనికి సూత్రం చెప్పబోతే సూత్రం కంటే మినహాయింపులు ఎక్కువవుతాయి. స్థూలంగా, ఆకలి, కోపం, భయం వంటివాటికి విశేషణం ఉంటుంది కాబట్టి ‘యామ్’ వస్తుందని, రోగాలకూ బంధువులకూ వస్తువులకూ ‘హ్యావ్’ వస్తుందని చెప్పవచ్చు. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్’, ‘ఐ యామ్ నోయింగ్’ అనే వాడకాలను మాత్రం ఇప్పుడే మాన్పించండి. స్థిరంగా ఉండే సంగతులకు ఆ ‘ఇంగ్’ రూపం పనికిరాదు.

కర్మ విషయంలోనూ ఇదే పట్టింపు ఉంది, దీన్ని చాలామంది గమనించరు. ‘పుస్తకం తెచ్చావా?’ అంటే మనం ‘తెచ్చాను’ అంటాం. ఇంగ్లీషులో ‘ఐ బ్రాట్’ అని ఆపితే, ఏం తెచ్చావన్నది వేలాడుతూ ఉంటుంది. ‘ఐ బ్రాట్ ఇట్’ అనాలి. విహారయాత్ర నుంచి వచ్చిన పిల్లలు రాసే ‘వి ఎంజాయ్డ్ ఎ లాట్’ కూడా ఆ కోవలోదే, ‘వి ఎంజాయ్డ్ ఇట్ ఎ లాట్’ అని రాయాలి.

కృష్ణాతీరం:

ముగ్గురికీ ధన్యవాదాలు. గీత గీయించే పద్ధతి మా అమ్మాయికి బాగా పట్టుబడింది; వాళ్ళకు బడిలో ఇచ్చే పుస్తకంలో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉండడంతో, రెండు పేజీలలోనూ గీతలు గీసి ఇటు మొదట్లో, అటు చివర్లో పడుతున్నాయని తనే చూపించింది. సెలవు చీటీ వాక్యం సంగతి ఎవరూ చెప్పలేదు. అలాగే, ప్రశ్నలలో ‘వేర్ ఈజ్ ద లైబ్రరీ?’ అని సరిగ్గా రాస్తున్న పిల్ల ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ ద లైబ్రరీ’ అని రాస్తోంది. టీచరు దాన్ని కొట్టేశారు. అది ఎందుకు తప్పు?

గుంటూరు మిర్చి:

సెలవు చీటీకి నేను జవాబిస్తాను, తరతరాలుగా ఆ చీటీ నడుస్తూనే ఉంది. తెలుగులో ‘జ్వరం వచ్చింది కాబట్టి రాలేను’ అంటాం. రెండు వాక్యాలు, వాటిని కలిపే మాట ఒకటి, అది మొదటి వాక్యం చివర ఉంటుంది. ఇంగ్లీషులో ఆ కలిపే మాటను మొదటి వాక్యం ముందు పెట్టవచ్చు, ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ కెనాట్ కమ్’ అని. లేదా రెండింటి మధ్య పెట్టవచ్చు, ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, సో ఐ కెనాట్ కమ్’ అని. ‘యాజ్’ వాడితే ‘సో’ వద్దు. ‘ఆల్దో’ వాడితే ‘బట్’ వద్దు. సమాపక క్రియలు రెండుంటే వాటి మధ్య ముడి ఒక్కటే.

ఈ ముడుల విషయంలోనే ఇంకో చిక్కుంది. ‘నేను నిన్న రాలేదు. ఎందుకంటే ఒంట్లో బాగాలేదు.’ అని తెలుగులో రెండు వాక్యాలుగా రాస్తే ఎవరూ తప్పు పట్టరు. ‘బికాజ్ ఐ వాజ్ అన్‌వెల్.’ అని ఇంగ్లీషులో చుక్క పెట్టి వేరుగా రాస్తే మాత్రం, కర్తా క్రియా రెండూ ఉన్నా, అది నిండు వాక్యంగా చెల్లదు; ‘ఐ డిడ్ నాట్ కమ్ బికాజ్ ఐ వాజ్ అన్‌వెల్’ అని కలిపి రాయాలి. పంతులు గారి మాటల్లో చెప్పాలంటే, ‘బికాజ్’ ముందు చేరగానే ఆ వాక్యం ‘రాకపోతే’, ‘వచ్చినా’ అన్నట్టుగా ఇంకొక వాక్యం కోసం ఎదురుచూస్తుంది. మాటల్లో, కథల్లో ఇంగ్లీషువాళ్ళు కూడా దీన్ని వేరుగా వాడతారు గానీ, ఏడో తరగతి జవాబు పత్రంలో వద్దు.

తెలుగు పంతులు:

ముందుగా, డల్లాస్ నుంచి రాసినవారు ‘లేదు’ గురించి చేసిన సవరణ సరైనది. పోలికను ఆ మేరకే వాడుకోవాలి.

ప్రశ్నల విషయానికి వస్తే, తెలుగులో ప్రశ్న చేయడానికి వాక్యం చివరి అచ్చును మారుస్తాం: ‘వచ్చాడు’, ‘వచ్చాడా?’. ఇంగ్లీషులో కాలాన్ని మోస్తున్న ఆ మొదటి సహాయక క్రియను తీసి కర్తకు ముందు పెడతారు: ‘షి ఈజ్ సింగింగ్’, ‘ఈజ్ షి సింగింగ్?’. సహాయక క్రియ లేకపోతే మళ్ళీ ఆ ‘డూ’యే వస్తుంది, ‘షి వెంట్’ కాస్తా ‘డిడ్ షి గో?’ అవుతుంది. ‘వ్యతిరేకార్థానికి ఒక నియమం, ప్రశ్నకు ఒక నియమం’ అని రెండు నేర్చుకోవలసిన పని లేదు. ‘డిడ్ షి వెంట్?’ ఎందుకు తప్పో మీ అమ్మాయే ఇప్పుడు చెప్పగలదు.

లైబ్రరీ వాక్యంలో అడుగుతున్నది ప్రశ్న కాదు. తెలుసనో తెలియదనో చెబుతున్నాం. తెలుగులో కూడా అప్పుడు రూపం మారుస్తాం: ‘గ్రంథాలయం ఎక్కడ ఉంది?’ అని అడుగుతాం, కానీ ‘గ్రంథాలయం ఎక్కడ ఉందో తెలియదు’ అంటాం. ఆ ‘ఉంది’ని ‘ఉందో’గా మార్చినట్టే, ఇంగ్లీషులో ముందుకు జరిపిన ‘ఈజ్’ను తిరిగి దాని చోట పెడతారు: ‘ఐ డోంట్ నో వేర్ ద లైబ్రరీ ఈజ్’. ‘డూ’తో చేసిన ప్రశ్న అయితే దాన్ని తీసేసి, కాలాన్ని అసలు క్రియకే తిరిగి ఇచ్చేస్తారు: ‘వాట్ డిడ్ హి సే?’ అనేది ‘ఐ నో వాట్ హి సెడ్’ అవుతుంది. ‘ఎక్కడ ఉందో’, ‘ఏమన్నాడో’ అని తెలుగులో ‘ఓ’ వచ్చిన చోటల్లా ఇంగ్లీషులో కర్త ముందు, క్రియ తర్వాత అని చెప్పి ఓ పది వాక్యాలు రాయించండి.

అవి రాయించేటప్పుడు ఒకచోట పిల్ల ఆగిపోతుంది, అందుకు ముందే సిద్ధంగా ఉండండి. ‘ఎవరు వచ్చారు?’ అనేదానికి ‘వూ డిడ్ కమ్?’ అని రాస్తుంది, ఎందుకంటే ప్రశ్నకు ‘డిడ్’ కావాలని మనమే చెప్పాం. ఇక్కడ ప్రశ్నించే మాటే కర్త. అది ఎలాగూ వాక్యానికి మొదట్లోనే ఉంది కాబట్టి దాని ముందుకు దేన్నీ జరపవలసిన అవసరం లేదు, ‘వూ కేమ్?’ అంటే చాలు. ‘ఎవరిని చూశావు?’ అన్నప్పుడు ‘ఎవరిని’ కర్మ, కర్త ‘నువ్వు’, అందువల్ల ‘వూ డిడ్ యు సీ?’ అనాలి. ఎవరు, ఎవరిని అనే తేడాను తెలుగు విభక్తి ప్రత్యయం తేల్చేస్తుంది కాబట్టి, ఇంగ్లీషు వాక్యం రాసే ముందు తెలుగులో ఒకసారి చెప్పి చూసుకొమ్మనండి.